రెండంగుళాల బెంగ

ఆస్పత్రి సెల్లార్‌లోకి బండ్లు వచ్చిపోయే దారిలో ఒక ఇనుప కమ్మీ అడ్డంగా బిగించి ఉంటుంది. అంతకంటే ఎత్తున్న బండి లోపలికి రాకూడదని దాని అర్థం. ఆ సాయంత్రం ఆ కమ్మీ కింద ఒక పొడుగాటి వ్యాను ముందుకూ పోక, వెనక్కీ రాక నిలబడిపోయింది. దాని వెనక స్కూటర్ మీద ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయి. ఆమె వెనక కార్లు, కార్ల వెనక ఇంకా కార్లు.

డ్యూటీ దిగి ఇంటికెళ్లి మంచమెక్కడం తప్ప ఆ పూట ఆమెకు వేరే కోరిక లేదు. అందుకే హారన్ మీద పెట్టిన వేలు తీయలేదు.

వ్యాను తలుపు తెరుచుకుంది. చొక్కా నిండా రంపపు పొట్టుతో ఒక యువకుడు దిగాడు.

"హారన్ కొడితే బండి పొట్టిదవుతుందాండీ?"

"కొట్టకపోతే అవుతుందా?" అంది ఆమె.

అసలు లోపలికి ఎలా వచ్చారని ఆమె నిలదీసింది. వచ్చేటప్పుడు బండి నిండా చెక్క బీరువాలున్నాయట. మందుల కౌంటర్ వెనక బిగించడానికి తెచ్చాడట. అవి దించేసరికి బండి తేలికపడి పైకి లేచింది. ఆ సంగతి కమ్మీకి తగిలేదాకా తనకి తట్టలేదని అతను తల గోక్కుంటూ చెప్పాడు.

ఆమె స్కూటర్‌కి స్టాండు వేసి, వ్యాను కప్పుకీ కమ్మీకీ మధ్య చూసింది. అడ్డుపడింది రవ్వంతే. బరువు దించితే లేచిన బండి, బరువెక్కిస్తే దిగక ఏం చేస్తుంది? ఆమె వెనక్కి వెళ్లి ఒక్కో కారు అద్దం తట్టి, ఒక్క నిమిషం వ్యానులో కూర్చుని పుణ్యం కట్టుకోమని అడిగింది. మంచి ఒళ్లున్న ఎముకల డాక్టరుగారు, ఫ్లాస్కులు పట్టుకున్న రోగుల బంధువులు, ఇద్దరు నర్సులు నవ్వుకుంటూ ఎక్కారు. వ్యాను మూలిగి కిందికి కుంగింది. ఆమె ముందు నిలబడి, తల పైకెత్తి, చేత్తో రమ్మంటూ, ఆగమంటూ బండిని బయటికి నడిపించింది. కప్పు మీద కొంచెం రంగు గీరుకుపోయింది, అంతే.

ఇలాంటివి మీకెలా తెలుసని అతను అడిగాడు. చిన్నప్పటి అలవాటని చెప్పి ఆమె స్కూటర్ ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాడు మందుల కౌంటర్ బీరువా తలుపు ఒకటి సరిగ్గా పడటం లేదంటూ అతనే వచ్చాడు. ఆ తర్వాత సొరుగు బిగుసుకుందన్నాడు. ఆ తర్వాత గొళ్లెం వదులైందన్నాడు. ఆ బీరువాలకి అన్ని జబ్బులు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరికీ అర్థం కాలేదు, ఆ రోజు వ్యానెక్కిన నర్సు సిస్టర్ ఒకావిడకి తప్ప. ఎక్స్‌రే గది తలుపు దగ్గర నిలబడి, "వ్యాన్‌గారు వచ్చారు. బీరువాకి మళ్లీ జ్వరమట," అని చెప్పిపోయేది.

అతను వడ్రంగి. పాత వ్యానులు కొని, లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, అరలు అమర్చి, ఇంటినే చక్రాల మీద నిలబెట్టి అమ్ముతాడు. ఈ వ్యాను మాత్రం అమ్మకానికి కాదు, తనకోసం చేసుకున్నాడు. ఒకరోజు ఆమెను లోపలికి పిలిచి చూపించాడు. మడిస్తే బల్లయ్యే మంచం, మలుపుల్లో తెరుచుకోని సొరుగులు, కిటికీకి తల్లి కుట్టిచ్చిన తెర. ఒక్కో చెక్కనీ అతను అరచేత్తో తడుముతూ చెబుతుంటే ఆమె చెక్కను కాక ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. క్యాంటీన్ టీలు ఎక్కువయ్యాయి. మీరు అనుకోవడం పోయి నువ్వులోకి దిగారు. వాన పడిన ఒక సాయంత్రం, గొడుగున్నా తెరవకుండా, ఇద్దరూ బస్టాపు కప్పు కింద బస్సు మీద బస్సు వదిలేస్తూ నిలబడ్డారు.

అంతా బాగానే ఉంది, వంతెన ఎక్కేదాకా.

ఒక ఆదివారం చెరువు అవతలి ఒడ్డుకి బయల్దేరారు. దారిలో పొడుగాటి వంతెన. నీటి మీదనుంచి గాలి విసురుగా కొట్టింది. ఎదురుగా పెద్ద లారీ ఒకటి దాటిపోగానే వ్యాను ఒక పక్కకి ఒరిగి, మళ్లీ ఇంకో పక్కకి ఊగింది. ఆమె తలుపు పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకుంది. వంతెన దిగాక కళ్లు తెరిచి, గాలి బాగుందని చెప్పింది.

తర్వాతి ఆదివారం ఆమెకు డ్యూటీ పడింది. ఆ పై ఆదివారం కూడా డ్యూటీ అనే చెప్పింది కాని, అది అబద్ధం. ఆ రోజు బస్సెక్కి నాన్న దగ్గరికి వెళ్లింది.

నాన్న కొండల్లో తేనెటీగలు పెంచుతాడు. బస్సు ఆగిన చోటునుంచి పైకి రోడ్డు లేదు. ఉన్నది రాళ్లబాట, మధ్యలో ఒక వాగు. నాన్న పాత జీపులో ఆ బాట మీద పడుతూ లేస్తూ ఆమె బడికి వెళ్లి చదువుకుంది. అమ్మ చిన్నప్పుడే పోయింది. అతని గురించి నాన్నకు చెబుదామనే వెళ్లింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తేనె పెట్టెల మధ్య నాన్న వెనకే తిరిగి, నోటిదాకా వచ్చిన మాటను మింగేసి తిరిగొచ్చింది.

దానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట ఆమెను చూడటానికి ఒక సంబంధం వాళ్లు బయల్దేరారు. నాన్న ఇల్లు కడిగించి, ఉతికిన చొక్కా వేసుకుని, వాగు ఒడ్డున నిలబడి ఎదురుచూశాడు. సగం దారిలో వాళ్ల కారు కడుపు రాయికి తగిలింది. అక్కడినుంచే వెనక్కి తిప్పుకుని, రోడ్డు కూడా లేని చోటికి రాకపోకలు ఎలా సాగుతాయని ఫోన్లో చెప్పారు. నాన్న ఫోన్ పెట్టేసి, ఆమెతో ఒక్క మాటే అన్నాడు. "నా దాకా రాలేనివాళ్లకి నిన్నెలా ఇస్తానమ్మా?" ఇంక ఆ ఊసు ఎత్తలేదు. చీకటి పడేదాకా ఆ చొక్కా కూడా విప్పలేదు. నాన్నను మళ్లీ అలా ఎదురుచూడనివ్వకూడదని ఆ రోజే ఆమె గట్టిగా అనుకుంది.

ఇలా ఉండగా, ఒకనాటి మధ్యాహ్నం క్యాంటీన్లో అతను ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. అలాంటి వ్యానే. కాకపోతే నేలకు అంటుకున్నట్టు కిందికి ఉంది.

"మన బండిని కూడా ఇలా దింపిద్దామనుకుంటున్నా. రెండంగుళాలు."

ఆమె టీ కప్పు కింద పెట్టింది. "ఎందుకు?"

"లుక్ బాగుంటుంది," అన్నాడతను, ఆమె కళ్లలోకి చూడకుండా.

"రోడ్డు బాగాలేని చోటికి వెళ్లాల్సొస్తే?"

"అలాంటి చోట్లకి మనకేం పని?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. లుక్ కోసం బండి దించుకునే మనిషికి, వాగు ఒడ్డున నిలబడే నాన్న గురించి ఏమని చెప్పాలి? చెబితే అది అతనికి పరీక్ష పెట్టినట్టు అవుతుంది. పరీక్ష పెట్టాక అతను తప్పితే? చెప్పకుండా ఉంటే కనీసం అతను తప్పడం చూడక్కర్లేదు. అలా అనుకుని ఆమె నవ్వేసి, నీ బండి, నీ ఇష్టం అంది. నీ బండి అన్న మాటకు అతని మొహం ఎందుకు చిన్నబోయిందో ఆమె ఆలోచించలేదు.

ఊరి చివర ఒక షెడ్డు ఉంది. బండ్ల స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తప్ప మరో పని ముట్టుకోరు అక్కడ. దాన్ని నడిపే నడివయసావిడను అందరూ స్ప్రింగుల అక్క అంటారు. ఆవిడ వ్యాను చుట్టూ తిరిగి, మూలల మీద చెయ్యేసి నొక్కి, కిందికి వంగి చూసింది. దించితే గాలికి ఊగడం కొంత తగ్గుతుందని, కాని నీళ్ల ట్యాంకు అడుగున వేలాడుతోంది కాబట్టి రాళ్లున్న చోట దానికే ముందు దెబ్బ తగులుతుందని చెప్పింది. ఊగడమే బాధైతే వేరే దారి కూడా ఉందని, రెండు చక్రాలనూ కలిపే కడ్డీ గురించి ఏదో మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే పనిలో ఉండి అది సరిగ్గా వినలేదు.

"ఇంతకీ మీరు తిరిగేది ఏ రోడ్ల మీద?" అని అడిగింది అక్క.

అతను ఆమెవైపు చూశాడు. ఆమె వ్యాను చక్రం వైపు తల తిప్పుకుంది.

"అన్నీ మంచి రోడ్లే," అంది.

వచ్చే వారం బండి తీసుకురమ్మని అక్క చెప్పింది.

ఆ వారం రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. రాత్రి మంచమెక్కితే వ్యాను కళ్ల ముందు కొంచెం కొంచెంగా కుంగిపోతూ కనిపించేది. రెండంగుళాలే కదా అని తనను తాను సముదాయించుకునేది. కాని బాట మీద ఏ రాయి ఎంత ఎత్తుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ రెండంగుళాల్లోనే అంతా ఉందని తెలుసు. ఒకసారి ఫోన్ తీసి అతనికి చెప్పబోయి, ఏం కూర తిన్నావని అడిగి పెట్టేసింది. ఇంకోసారి అతనే ఫోన్ చేసి, ఏదో చెప్పబోయినవాడల్లా, వాతావరణం బాగాలేదన్నాడు. పనిలో కూడా పరధ్యానమే. ఎడమ మణికట్టు విరిగిన పెద్దమనిషిని కుడి చెయ్యి బల్లమీద పెట్టమంటే, ఆయన పాపం అలాగే పెట్టాడు. నర్సు సిస్టర్ చూసి ఆపింది. బీరువాకి తగ్గిన జ్వరం నీకెక్కిందేమిటే అని అడిగింది.

బండి షెడ్డుకి వెళ్లే రోజు తెల్లవారేసరికి ముసురు పట్టింది. ఆమె డ్యూటీలో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. కొండ మీద ఫోన్ అందాలంటే ఒక పెద్ద బండరాయి ఎక్కాలి. వానలో రాయెక్కి ఫోన్ చేశాడంటేనే ఏదో జరిగిందని ఆమెకు తెలిసిపోయింది.

తిన్నావా, గొడుగు పట్టుకెళ్లావా అని నాన్న ఎప్పటిలాగే అడిగాడు. చివర్న, ఏదో గుర్తొచ్చినట్టు, పైన వాన గట్టిగా కొడుతోందని, వాగు పెరుగుతోందని, జీపు గేర్లు పడక మూలన పడిందని చెప్పాడు.

"మరి ఒడ్డునున్న పెట్టెలు?"

"ఎలాగోలా చూసుకుంటాలే. నువ్వు కంగారుపడకు."

నాన్న ఎలాగోలా అంటే ఆమెకు తెలుసు. పెట్టెలు ఒక్కొక్కటే వీపున వేసుకుని, నడుం లోతు నీళ్లు దాటి ఇవతలి మిట్ట మీదికి చేరుస్తాడు. కొన్నేళ్ల కిందట ఒక వానకి సగం పెట్టెలు కొట్టుకుపోయినప్పుడు, నాన్న వాగు వైపు చూస్తూ కూర్చుని మాట్లాడటం మానేసిన రోజులు ఆమెకు గుర్తున్నాయి.

ఆమె అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నర్సు సిస్టర్‌కి రెండు ముక్కల్లో సంగతి చెప్పి, పెద్ద డాక్టరు దగ్గర సెలవడిగి, స్కూటర్ తీసింది. చినుకులు మొహాన కొడుతున్నాయి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఎర్ర దీపం ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టుంది. ఈపాటికి దించేసి ఉంటారా? దించేస్తే మళ్లీ ఎక్కించడానికి ఎంతసేపు? అసలు అతను వస్తాడా? ఏమని అడగాలి?

షెడ్డులో వ్యాను లిఫ్ట్ మీద ఉంది. చక్రాలు ఊడదీసి పక్కన పెట్టారు. పాత స్ప్రింగులు నేలమీద పడున్నాయి. అతను కొత్త పొట్టి స్ప్రింగు ఒకటి రెండు చేతులతో పట్టుకుని అక్కకి అందిస్తున్నాడు.

"అది పెట్టకు," అంది ఆమె, తడిసిన బట్టలతోనే గుమ్మంలో నిలబడి.

అతను తిరిగి చూశాడు. "ఏమైంది?"

"మా నాన్న ఉండేచోటికి రోడ్డు లేదు. రాళ్లే. మధ్యలో వాగు. దించితే ఈ బండి అక్కడికి రాలేదు." ఒక్కసారి మొదలుపెట్టాక ఆమె ఆగలేదు. వాగు పెరుగుతోందని, జీపు పాడైందని, పెట్టెలు కొట్టుకుపోతాయని, తోడొస్తావేమో అడగడానికి వచ్చానని, రాకపోయినా ఏమీ అనుకోనని చెప్పింది. ఆ చివరి మాట అబద్ధమని ఆమె మొహమే చెబుతోంది.

"మరి అక్క అడిగితే అన్నీ మంచి రోడ్లేనన్నావు?"

"అలాంటి చోట్లకి మనకేం పని అని నువ్వే అన్నావుగా."

అతను స్ప్రింగు కింద పెట్టాడు.

"నిన్ను అలాంటి రోడ్ల మీద తిప్పి భయపెట్టనన్న ఉద్దేశంతో అన్నాను," అన్నాడు నెమ్మదిగా. "వంతెన మీద నీ చెయ్యి చూశాను. ఆ పిడి పట్టుకుని వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఆ తర్వాత రెండు ఆదివారాలు రానన్నావు. బండికి భయపడుతున్నావనుకున్నా. ఇలాగే వదిలేస్తే ఇంక ఎక్కవేమోనని..."

"లుక్ కోసమన్నావు."

"నీ భయం కోసమంటే నీకు చిన్నతనంగా ఉంటుందని."

ఆమెకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చి, ఏదీ సరిగ్గా రాలేదు.

స్ప్రింగుల అక్క గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ ముందే మాట్లాడుకుని ఉంటే పొద్దున్నుంచి నాకీ చాకిరీ తప్పేది," అంది. అని, పాత స్ప్రింగు ఎత్తి మళ్లీ దాని చోట పెట్టడం మొదలుపెట్టింది. పని చేస్తూనే ఆ రోజు చెప్పింది మళ్లీ చెప్పింది. రెండు చక్రాలనూ కలిపే కడ్డీ ఇప్పుడున్నది సన్నం. లావుది వేస్తే ఎత్తు తగ్గించకుండానే ఊగడం తగ్గుతుంది. తెప్పించడానికి కొన్నాళ్లు పడుతుంది. ఈ రోజుకి ఊగుతూనే వెళ్లి రండి అంది.

ఊగుతూనే వెళ్లారు. పెద్ద రోడ్డు వదిలి రాళ్లబాట ఎక్కేసరికి వాన జోరందుకుంది. ఆమె కిటికీ దించి, తల బయటపెట్టి, ఎడమకి, ఇంకొంచెం, ఆగు అంటూ చెబుతోంది. అతను స్టీరింగ్ మీదికి వంగి ఆమె గొంతును బట్టి తిప్పుతున్నాడు. ఒక ఎత్తు దగ్గర వ్యాను అడుగున గర్రుమని పెద్ద చప్పుడైంది. అతను బ్రేకు వేశాడు.

ఆ సంబంధం వాళ్ల కారు ఆగింది కూడా అక్కడే. అతను తలుపు తీసుకుని వానలోకి దిగాడు. బురదలో పడుకుని బండి కిందికి చూశాడు. లేచి వెనక్కి తిరిగి, వచ్చిన దారిని చూశాడు. అతని మొహం మీద ఏముందో వాన అద్దం లోంచి ఆమెకు కనిపించలేదు. రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. ఇప్పుడు ఏమంటాడు? ఏమన్నా సరే, తను ఇక్కడ దిగి నడిచి వెళ్లిపోవాలి. నాన్నకి ఏమీ చెప్పక్కర్లేదు.

అతను తడిసి ముద్దయి లోపలికొచ్చాడు.

"ట్యాంకుకి సొట్ట పడింది. కారడం లేదు," అన్నాడు. "ఇందాక కుడికి అన్నావా, ఎడమకన్నావా?"

"ఎడమకి," అంది ఆమె. తల మళ్లీ కిటికీ బయట పెట్టింది.

వాగు ఎర్రగా పారుతోంది. అవతలి ఒడ్డున నాన్న ఒక పెట్టె భుజాన ఎత్తుకోబోతూ వ్యానును చూసి ఆగాడు. బండి నడిపేదెవరో అడగలేదు. కర్ర ఒకటి తీసుకుని నీళ్లలోకి దిగి, అడుగున రాళ్లు తడుముకుంటూ, చక్రాలు ఎక్కడ పడాలో నడిచి చూపించాడు. వ్యాను ఆయన వెనకే మెల్లగా పాకింది. నీళ్లు తలుపు అంచు దాకా వచ్చి తగ్గాయి.

వానకి తేనెటీగలు పెట్టెల్లోనే ఉన్నాయి. నాన్న ఒక్కో పెట్టె వాకిలికీ ఇనుప జాలీ బిగించి ఇస్తుంటే అతను మోశాడు. రోజులతరబడి నున్నగా చెక్కిన మంచం మీద, బల్ల మీద, నేలమీద బురదోడుతున్న పెట్టెలు పేర్చాడు. ఒక జాలీ సందులోంచి జారిన ఈగ అతని కనురెప్ప మీద కుట్టింది. చేతిలో పెట్టె ఉంది. దాన్ని జాగ్రత్తగా దింపిన తర్వాతే అతను కంటికి చెయ్యి పెట్టుకున్నాడు. నాన్న అది చూశాడు.

ఆఖరి పెట్టెతో వాగు దాటేసరికి, నాన్న కర్రతో చూపించిన రాళ్లు నీళ్లలో మునిగిపోయాయి. ఇవతల మిట్ట మీద పాత రాతి షెడ్డు ఒకటుంది. పెట్టెలన్నీ అందులో దించారు. ఇంక ఆ పూటకి నాన్న వెనక్కి వెళ్లే దారి లేదు. ముగ్గురూ వ్యానులో కూర్చున్నారు. ఆమె పొయ్యి వెలిగించి టీ పెట్టింది. అతని కన్ను ఉబ్బి ఉబ్బి పూర్తిగా మూసుకుపోయింది. ఒంటి కన్నుతో అతను బుద్ధిగా నాన్న ఎదురుగా కూర్చుని ఉంటే, ఆమెకు నవ్వడానికి కూడా ధైర్యం చాల్లేదు.

నాన్న సొరుగు ఒకటి లాగి చూశాడు. మూశాడు. మంచం అంచు తడిమాడు. ఇదంతా నువ్వే చేశావా అని అడిగాడు. అతను అవునన్నాడు. బండి మంచి ఎత్తుంది, అందుకే రాగలిగిందని నాన్న మెచ్చుకోగానే, అతను నిజం దాచలేకపోయాడు.

"పొద్దున దీన్ని రెండంగుళాలు దింపిద్దామని షెడ్డులో పెట్టానండి. తను రాకపోయుంటే దింపేసేవాణ్ణి."

ఆమె పొయ్యివైపే తిరిగి ఉండిపోయింది.

"ఎందుకు దించడం?" అన్నాడు నాన్న.

"గాలికి ఊగితే తనకి భయం."

"ఎవరికి, చిన్నీకా?" నాన్న చిన్నగా నవ్వాడు. "చిన్నీకి భయమేమిటి బాబూ. ఈ రాళ్ల మీద జీపులో పెరిగిన పిల్ల."

అవును నాన్నా, ఊరికే అంటున్నాడు అని తోసిపుచ్చేయొచ్చు. ఎన్నేళ్లుగానో చేస్తున్న పని అదే. ఆమె టీ గ్లాసులు బల్ల మీద పెట్టి నాన్నవైపు తిరిగింది.

"భయమే నాన్నా. చిన్నప్పటినుంచీ భయమే. వాగు దగ్గర కళ్లు మూసుకునేదాన్ని."

నాన్న నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"చెబితే బడి మాన్పించేస్తావేమోనని. వెళ్లడానికి ఉన్నది అదొక్కటే దారి కదా."

నాన్న టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇన్నేళ్లు నా పక్కనే కూర్చుంది," అన్నాడు చివరికి, అతనితో. "నేను రోడ్డు చూస్తూ ఉండిపోయాను. నువ్వు దీని మొహం చూశావు."

అతను ఏదో అనబోయాడు. నాన్న చెయ్యెత్తి ఆపాడు. ఎత్తు మాత్రం తగ్గించొద్దని, ఊగకుండా ఉండే ఉపాయం ఇంకేదైనా చూడమని చెప్పాడు. స్ప్రింగుల అక్క చెప్పిన లావు కడ్డీ సంగతి అతను చెబితే, అదే వేయించమన్నాడు.

వాన తెరిపిచ్చింది. అతని కన్ను ఆస్పత్రిలో చూపించాలి. ఒంటి కన్నుతో ఆ బాట మీద బండి నడపడం కుదరదు. నాన్న స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఆమె మధ్యలో, అతను తలుపు పక్కన.

నాన్న జీపు నడిపినట్టే నడిపాడు. వ్యాను ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి దభీమని దిగింది. ఆమె రెండు చేతులూ డాష్‌బోర్డు అంచుకు అతుక్కుపోయాయి. కళ్లు వాటంతటవే మూసుకోబోయాయి. ఆమె వాటిని మూయనివ్వలేదు.

"నాన్నా, భయమేస్తోంది," అంది. "కొంచెం మెల్లగా పోనియ్."

నాన్న కాలు తీశాడు. వ్యాను నడిచే మనిషి వేగానికి తగ్గింది. తర్వాతి రాయిని అది ఎక్కిందో లేదో తెలియనంత నెమ్మదిగా ఎక్కి దిగింది. పక్కనుంచి అతను చెయ్యి చాచి, డాష్‌బోర్డు మీదున్న ఆమె చేతిని తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. నాన్న పక్కనున్నాడని ఆమె వెనక్కి లాక్కోబోయింది. అతను వదల్లేదు.

నాన్న చూపు బాట మీంచి వాళ్ల చేతుల మీదికి వచ్చి, మళ్లీ బాట మీదికి వెళ్లింది.

"బాబూ, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు?"

"అమ్మ ఉందండి."

"ఎప్పుడు వచ్చి మాట్లాడమంటావు?"

అతను ఒంటి కన్నుతో ఆమెవైపు చూశాడు. ఆమె రెండో చేతిని కూడా డాష్‌బోర్డు మీంచి తీసేసింది.